ముద్దేనహళ్లి ఇంజనీరు కారు, డీలరు పైధర

ఆదివారం తెల్లవారుజామున దేవనహళ్లి విమానాశ్రయం దాటి ఉత్తరానికి వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు స్పోర్ట్స్ కార్లు కనిపిస్తాయి. నంది కొండకు తిరిగేవి కొన్ని, చిక్కబళ్లాపురం దాకా వచ్చి ఫలహారం చేసి వెనక్కి మళ్లేవి కొన్ని. బాగేపల్లి దాటితే ఆంధ్ర సరిహద్దు. ఈ కార్ల ధర కోటి దాటడం ఇప్పుడు వింతేమీ కాదు. ఆ ధరలో తయారుచేసిన కంపెనీకి ఎంత, సర్కారుకు ఎంత, అమ్మిన డీలరుకు ఎంత అనే లెక్క మాత్రం కొన్నవాడికి కూడా పూర్తిగా తెలియదు. ఈ లెక్కకు మన దేశంలో వందేళ్ల చరిత్ర ఉంది. దానిలో ఒక ముఖ్యమైన ఘట్టం ఈ రహదారి పక్కనే, చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో పుట్టిన ఒక తెలుగింటి మనిషిది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య అనగానే కన్నంబాడి ఆనకట్ట, హైదరాబాదు మూసీ వరదల తరువాత చేసిన పని, భద్రావతి ఉక్కు గుర్తొస్తాయి. ఆయన పూర్వీకుల ఊరు నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. చదువు మొదలైంది చిక్కబళ్లాపురం బడిలో. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాను. బెంగళూరు నుంచి చిక్కబళ్లాపురానికీ, అటు కోలారుకూ చిన్న రైలు పట్టాలు పడ్డది కూడా ఆ దశకంలోనే. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. డెబ్బై ఏళ్లు దాటిన వయసులో ఆయన ఇండియాలో కార్ల ఫ్యాక్టరీ పెట్టించాలని కాళ్లరిగేలా తిరిగిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆయన చేసిన పనుల్లో ఆనకట్టకు దక్కిన పేరు దీనికి దక్కలేదు, ఎందుకంటే ఇది ఆయన అనుకున్న చోట, అనుకున్నప్పుడు జరగలేదు.

అప్పటి పరిస్థితి చూడాలి. 1920లలో ఇండియాలో తిరిగే ప్రతి కారూ విదేశీదే. కెనడా ఫోర్డు 1926లో ఇక్కడ కంపెనీ పెట్టింది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో పెట్టెల్లో వచ్చిన భాగాలను బిగించి అమ్మడం మొదలుపెట్టింది. ఓడ కిరాయి, దిగుమతి సుంకం, బిగింపు ఖర్చు, పెద్ద ఏజెంటు కమీషను, ఊళ్లో ఉన్న చిన్న ఏజెంటు కమీషను అన్నీ కలిపి కారు ధర. చిక్కబళ్లాపురం జమీందారో, చింతామణి వర్తకుడో కారు కొనాలంటే బెంగళూరు కంటోన్మెంటుకో, మద్రాసుకో వెళ్లాలి. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ కారు విలువెంతో చెప్పేవాడు అక్కడ ఎవరూ ఉండడు.

విశ్వేశ్వరయ్య పట్టుకున్నది సరిగ్గా ఇక్కడ ఫ్యాక్టరీ లేదన్న ఈ లోటునే. 1935లో ఐరోపా, అమెరికా వెళ్లి కార్ల ఫ్యాక్టరీలు చూసి వచ్చాడు. మరుసటి ఏడాది బొంబాయిలో ఫ్యాక్టరీ పెట్టడానికి పథకం తయారుచేశాడు. వాల్‌చంద్ హీరాచంద్ లాంటి పారిశ్రామికవేత్తలు కలిసొచ్చారు. 1937లో బి.జి.ఖేర్ నాయకత్వాన వచ్చిన బొంబాయి కాంగ్రెసు ప్రభుత్వం పెట్టుబడిదారులకు వడ్డీ హామీ ఇవ్వడానికి ముందుకొచ్చింది. 1939లో యుద్ధం వచ్చింది, కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. వాల్‌చంద్ అమెరికా వెళ్లి క్రైస్లర్ కంపెనీతో ఒప్పందం చేసుకొచ్చాడు. అప్పుడు చూపు బెంగళూరు వైపు తిరిగింది. సర్ మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉన్న మైసూరు సంస్థానం ఆసక్తి చూపింది. ఢిల్లీలోని బ్రిటిషు సర్కారు మాత్రం సాయపడలేదు. యుద్ధ సమయంలో ఇలాంటి పరిశ్రమకు తాము తోడ్పడలేమన్నది వారి వాదన.

వాల్‌చంద్ ఆ ఉత్సాహాన్ని విమానాల మీదికి మళ్లించాడు. 1940 డిసెంబరులో మైసూరు సంస్థానం తోడ్పాటుతో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మొదలైంది. యుద్ధానికి విమానం కావాలి, కారు అక్కర్లేదు. కార్ల కంపెనీ ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో బొంబాయిలో పుట్టింది. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ అంతకు రెండేళ్ల ముందే మొదలైంది. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ స్వాతంత్ర్యం తరువాత వచ్చింది. కార్ల ఫ్యాక్టరీ బెంగళూరు పక్కకు రావడానికి 1999 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ బిడదిలో టయోటా చేతుల మీదుగా. విశ్వేశ్వరయ్య 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండాక కన్నుమూశాడు.

ఆ ఆలస్యానికి సామాన్యుడు కట్టిన వెల ఉంది. దాన్ని ఇప్పటిదాకా ఎవరూ సరిగ్గా లెక్కకట్టలేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1953లో టారిఫ్ కమిషను తరువాత ఢిల్లీ ఒక నిర్ణయం తీసుకుంది. ఇక్కడే భాగాలు తయారుచేసే పథకం ఉన్న కంపెనీలే ఉండాలి, ఉత్త బిగింపు పని చాలించాలి. జనరల్ మోటార్స్, ఫోర్డు వెళ్లిపోయాయి. మిగిలినవి ప్రధానంగా మూడు: అంబాసిడర్ చేసే హిందుస్థాన్ మోటార్స్, ఫియట్ చేసే ప్రీమియర్, మద్రాసు స్టాండర్డ్. ఎన్ని కార్లు చేయాలో లైసెన్సు చెబుతుంది. 1970లలో దేశం మొత్తం మీద ఏడాదికి తయారైన కార్లు యాభై వేలు దాటలేదు. జనాభా యాభై కోట్ల పైమాటే. ఇలాంటప్పుడు ధర పెరగాలి. ధర పెరగకూడదని సర్కారు అనుకుంటే వరుస పొడవు పెరుగుతుంది. రెండూ జరిగాయి. కాగితం మీద ధర నిలిచింది, వరుస సాగింది. కాగితం మీది ధరకూ మనిషి నిజంగా ఇవ్వడానికి సిద్ధపడ్డ ధరకూ మధ్య ఉన్న తేడా పైధరగా బ్లాకులోకి చేరింది.

ఈ తేడాను అణచడానికి ఉత్తర్వుల మీద ఉత్తర్వులు వచ్చాయి. 1959లో కార్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు. 1960లో స్కూటర్లకు. 1963లో లారీలు, బస్సుల్లాంటి వాణిజ్య వాహనాలకు. 1971లో ట్రాక్టర్లకు. వీటి నిర్మాణం దాదాపు ఒకటే: డీలరు దగ్గర ఒక రిజిస్టరు ఉండాలి, డిపాజిట్ కట్టిన వాడి పేరు అందులో వరుస నంబరుతో ఎక్కాలి, బండి వచ్చినప్పుడు ఆ వరుసలోనే ఇవ్వాలి. కొంత భాగం సర్కారు కోటాకు పక్కన పెట్టాలి. అన్నిటికన్నా విచిత్రమైన నిబంధన స్కూటరు ఉత్తర్వులో ఉంది. కొత్త బండి కొన్నవాడు రెండేళ్ల దాకా అనుమతి లేకుండా దాన్ని ఇంకొకరికి అమ్మకూడదు.

ఈ నిబంధన ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే అసలు గుట్టు బయటపడుతుంది. పైధర తినేవాడు ఎప్పుడూ డీలరే అయితే డీలరును పట్టుకుంటే చాలు. కానీ నంబరు వచ్చిన మామూలు మనిషి కూడా బండి తెచ్చుకున్న మర్నాడే లాభానికి అమ్ముకుంటున్నాడు. డీలరు కమీషను కట్టడిలో ఉంటే ఆ లాభం వరుసలో నిలబడ్డవాడి చేతికి వచ్చింది. దానితో తండ్రి పేరున ఒకటి, అన్న పేరున ఒకటి, ఇంకా పెళ్లికాని తమ్ముడి పేరున ఒకటి బుక్ చేసే అలవాటు వచ్చింది. రెండేళ్ల నిషేధాన్ని దాటడానికి బండిని పాత యజమాని పేరు మీదే ఉంచి తాళాలు చేతులు మార్చే పద్ధతీ వచ్చింది. కాగితంలో ఒకరు, హ్యాండిల్ పట్టింది ఇంకొకరు.

డీలర్లు ఊరుకున్నారనీ కాదు. ధర పెంచలేని చోట సామాను అంటగట్టారు. సీటు కవరు, స్టెప్నీ కవరు, ముందు గార్డు, వెనుక గార్డు. ఇవి కొంటేనే బండి ముందుగా కదులుతుంది అన్న మాట నోటితోనే నడిచేది, రసీదులో కనపడదు.

అప్పటి కోలారు జిల్లాలో, అంటే నేటి చిక్కబళ్లాపురం జిల్లాతో కలిపి ఉన్న సీమలో, కారు కంటే ముందు తగిలింది లారీ, ట్రాక్టరు, స్కూటరు. శిడ్లఘట్టలో పట్టుగూళ్లు కొని దారం తీసే రీలర్లకు, చింతామణి మండీ వర్తకులకు, బాగేపల్లి, గుడిబండ వైపు వేరుశనగ వ్యాపారులకు చేతిలో దుడ్లు ఆడే రోజులు ఉండేవి. గూళ్ల ధర పలికిన ఏడాది బండి కావాలనిపిస్తుంది, ఆ నంబరు వచ్చేసరికి ఆ దుడ్లు కరిగిపోయి ఉంటాయి. వరుస పద్ధతిలో వ్యవసాయదారుడికి అన్యాయం ఇక్కడ ఉంది. నెల జీతగాడు ఎనిమిదేళ్లు ఆగగలడు, పంట మీద బతికేవాడి చేతిలో డబ్బు ఎప్పుడుంటే అప్పుడే కొనాలి. అందుకే బ్లాకులో ఎక్కువిచ్చి కొన్నది తరచుగా ఇలాంటివాళ్లే. పట్నంలో స్థిరమైన ఉద్యోగం ఉన్నవాడు నియంత్రిత ధరకు కొన్నాడు. ఊళ్లో ఉన్నవాడు ఆ తేడా కట్టాడు.

స్కూటరు సంగతి అందరికీ తెలిసిందే. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. దాని కోసం పదేళ్ల దాకా ఆగినవాళ్లున్నారు. కట్నం మాటల్లో దాని పేరు చేరింది. విదేశీ మారక ద్రవ్యం తెచ్చినవాడికి వరుసతో పని లేకుండా స్కూటరు దొరికే సదుపాయం కూడా ఉండేది. గల్ఫులో అన్నో, అమెరికాలో బావో ఉన్నవాడి వీధిలో చేతక్ ముందు దిగేది. హైదరాబాదులో ఆల్విన్ కంపెనీ పుష్పక్ పేరుతో స్కూటరు చేసి ఈ లోటులో కొంత భాగం పూడ్చాలని చూసింది. మైసూరులో ఐడియల్ జావా 1961 నుంచి మోటారు సైకిళ్లు చేసింది, 1973 నుంచి యెజ్డి పేరుతో. కానీ ఇంటిల్లిపాదినీ ఎక్కించుకోగల స్కూటరుకున్న గిరాకీ వేరు.

ధర మీద కట్టడి ఎంత దూరం వెళ్లిందంటే 1969లో కారు అమ్మకపు ధరనే ఉత్తర్వుతో నిర్ణయించారు. కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి. ప్రీమియర్ ఆటోమొబైల్స్ వేసిన కేసులో 1971 నవంబరులో తీర్పు వచ్చింది. ఫ్యాక్టరీలో ఒక కారుకు ఎంత ఖర్చవుతుంది, దాని మీద ఎంత లాభం న్యాయం అన్న విషయం దేశపు అత్యున్నత న్యాయస్థానంలో చర్చకు రావడం ఆ కాలపు స్వభావం. ధర నియంత్రణ 1975లో పోయింది. వరుస మాత్రం పోలేదు, ఎందుకంటే కార్ల సంఖ్య పెరగలేదు.

దాన్ని మార్చింది మారుతి. 1983 ఏప్రిల్‌లో బుకింగులు తెరిస్తే, కారు ఎలా ఉంటుందో రోడ్డు మీద చూడకముందే, పదేసి వేలు డిపాజిట్ కట్టి లక్షా ముప్పై వేల మందికి పైగా పేర్లు ఇచ్చారు. ఆ ఏడాది డిసెంబరు 14న మొదటి కారు తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ లక్కీ డ్రాలో పేరు వచ్చిన ఢిల్లీ వాసి చేతిలో పెట్టారు. ధర సుమారు 47,500 రూపాయలు. వెంటనే ప్రీమియం పుట్టింది. తెల్ల మారుతికి నంబరు వచ్చిన మనిషి ఎదుట కొత్త కారా, చేతికి రొక్కమా అన్న ప్రశ్న నిలిచింది. అయితే ఈసారి తేడా ఏమిటంటే ఫ్యాక్టరీ నుంచి కార్లు ఏటికేడు పెరుగుతూ వచ్చాయి. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు తీసేశారు. ఆ తరువాత కొన్నేళ్లకే కారు బ్లాకు అనే మాటకు అర్థం తెలియని తరం వచ్చింది. ఏ పోలీసు దాడీ, ఏ రెండేళ్ల నిషేధమూ చేయలేని పనిని అదనపు కార్లు చేశాయి. విశ్వేశ్వరయ్య 1936లో కాగితం మీద రాసింది ఈ పనే.

ఇదంతా సోషలిస్టు రోజుల మన జబ్బు అని సరిపెట్టుకుంటే పొరపాటు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలోనూ ఇదే జరిగింది. దాదాపు మూడున్నరేళ్లు కార్లు తయారుకాలేదు, కొనడానికి జనం ఎగబడ్డారు. డీలర్లు పాత కారును అగ్గువకు తీసుకుని, అక్కర్లేని సామాను అంటించి, కొత్త కారును అమ్ముకున్నారు. ఈ గజిబిజికి విరుగుడుగా సెనేటర్ మైక్ మన్రోనీ 1958లో ఒక చట్టం తెచ్చాడు. ప్రతి కొత్త కారు అద్దం మీద కంపెనీ సూచించే ధర, ఒక్కొక్క అదనపు హంగు వెల, రవాణా ఖర్చు విడివిడిగా అతికించాలి. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. కానీ అది సూచించే ధర మాత్రమే. డీలరు అంతకన్నా ఎక్కువ అడగవచ్చు, తక్కువ అడగవచ్చు.

న్యూజెర్సీలోనో, టెక్సస్‌లోనో ఉంటున్న తెలుగు కుర్రాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. సరికొత్తగా మార్చిన స్పోర్ట్స్ కారు వస్తుందంటే కంపెనీ కాగితం పక్కనే డీలరు ఇంకో కాగితం అతికిస్తాడు, మార్కెట్ సర్దుబాటు అని. కరోనా కాలంలో చిప్పులు దొరక్క ఫ్యాక్టరీలు ఆగినప్పుడు ఈ రెండో కాగితం మామూలు కార్ల మీదికి కూడా వచ్చింది. 2022 జనవరిలో ఫోర్డు, జనరల్ మోటార్స్ తమ డీలర్లను హెచ్చరించాయి. ఆ ఏడాదే జనరల్ మోటార్స్ ఇంకొక నియమం పెట్టింది: కొత్త కార్వెట్ జెడ్06 లాంటి గిరాకీ బండ్లను పన్నెండు నెలల లోపు తిరిగి అమ్మితే కొన్ని వారంటీలు కొత్త యజమానికి దక్కవు, అమ్మినవాడికి ముందు ముందు బుకింగులో చోటు ఉండదు. మన 1960 నాటి స్కూటరు ఉత్తర్వు దగ్గర పెట్టి చదివితే రెండింటిలోనూ ఆలోచన ఒకటే. ఒకటి ఢిల్లీలో సర్కారు రాసింది, మరొకటి డెట్రాయిట్‌లో ప్రైవేటు కంపెనీ రాసింది. సరుకు తక్కువైన చోట వరుసలో నిలబడ్డ మొదటి మనిషి వ్యాపారి అయిపోతాడని ఇద్దరికీ ఒకేలా అర్థమైంది.

మన దగ్గర స్పోర్ట్స్ కారు విషయంలో కథ వేరు. ఇక్కడ పైధరలో సింహభాగం డీలరుది కాదు. ఫోర్డు మస్టాంగ్ 2016 జులైలో ఇండియాకు వచ్చింది, ఢిల్లీ షోరూం ధర 65 లక్షలు. అదే ఇంజను ఉన్న కారు అమెరికాలో సుమారు 33 వేల డాలర్లు, అప్పటి మారకంలో 22 లక్షల చిల్లర. పూర్తిగా తయారై వచ్చే పెద్ద ఇంజను కారుకు అప్పట్లో దిగుమతి సుంకమే నూరు శాతం ఉండేది. దాని పైన దేశీయ పన్నులు. ఆపైన రిజిస్ట్రేషను. ఇరవై లక్షలు దాటిన కారుకు కర్ణాటక జీవితకాల పన్ను 18 శాతం, అంటే ఆ ఒక్క పద్దే 12 లక్షల దగ్గరికి వస్తుంది. కేఏ-40 అని చిక్కబళ్లాపురంలో రాయించినా, కేఏ-67 అని చింతామణిలో రాయించినా అంతే.

స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మంది. మిగతావాళ్ల కారు ఇప్పుడు బాగేపల్లి దాటాక అదే రహదారి మీద తయారవుతోంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో మొదలైంది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. మొదటి బండి సెల్టోస్ ఆ ఆగస్టులో వచ్చింది, ధర ప్రకటించేనాటికే 32 వేలకు పైగా బుకింగులు. నెలల తరబడి ఆగినవాళ్లున్నారు, కానీ ఆ వరుస సంవత్సరాల్లోకి పోలేదు. 1970లలో దేశం మొత్తం కలిసి ఆరేళ్లకు పైగా చేసినన్ని కార్లను ఒక్క అనంతపురం సీమ ఫ్యాక్టరీ ఏడాదిలో చేయగలదు. ఒకప్పుడు కరువుకు పేరుపడ్డ నేలలో జరిగిన ఈ పని మీద ఇంకా చాలా రాయాల్సి ఉంది.

సరుకు నిండుగా ఉన్నప్పుడు తగవు తలకిందులవుతుంది. ఎక్కువ తీసుకోకు అని చెప్పే బదులు, తక్కువకు అమ్మకు అని డీలరును కట్టడి చేసే కంపెనీలు వస్తాయి. 2021 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ మారుతికి 200 కోట్ల జరిమానా వేసింది. తాను నిర్ణయించిన దానికన్నా ఎక్కువ రాయితీ తన డీలర్లు ఇవ్వకుండా ఆ కంపెనీ అడ్డుపడిందని, ఎవరు ఇస్తున్నారో కనిపెట్టడానికి కొనుగోలుదారు వేషంలో మనుషులను షోరూములకు పంపిందని కమిషన్ తేల్చింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. ఇలాంటి ఆరోపణ మీదే 2017లో హ్యుందాయ్‌కి పడ్డ 87 కోట్ల జరిమానాను ఆ మరుసటి ఏడాది అప్పీలు ట్రిబ్యునల్ కొట్టేసింది.

చిక్కబళ్లాపురంలోనో, చింతామణిలోనో కారు కొనే కుటుంబం చేతికి ఇప్పుడు వచ్చే కొటేషను కాగితంలో షోరూం ధర, జీవితకాల పన్ను, ఇన్సూరెన్సు, యాక్సెసరీలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ వరసగా ఉంటాయి. కొన్ని చోట్ల హ్యాండ్లింగ్ చార్జీలు అని ఇంకొక పద్దు కూడా ఉంటుంది. ఆ పేరుతో వసూలు చేయొద్దని కొన్ని రాష్ట్రాల రవాణా శాఖలు డీలర్లకు చెప్పాల్సి వచ్చింది. ఇన్సూరెన్సు తనకు నచ్చిన కంపెనీ దగ్గర తీసుకునే హక్కు కొనేవాడిదే. సీటు కవర్లు, మ్యాట్లు కొనకపోయినా బండి ఇవ్వాల్సిందే. ఈ రెండు పద్దుల దగ్గర పెన్ను పెట్టి గట్టిగా అడిగితే, కాగితం అడుగున ఉన్న మొత్తం కిందికి దిగుతుంది.